దీపం లేని మలుపులో గొలుసు దొంగలు

సంపాదకులకు నమస్కారం.

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మా వీధి మలుపు దగ్గరి దీపం చాలా రోజులుగా వెలగడం లేదు. గత వారం రైతుబజారు నుంచి కూరల సంచితో వస్తున్న మా పిన్నిగారి మెడలోని పుస్తెలతాడును, బైకు మీద వెనక నుంచి వచ్చిన ఇద్దరు ఆ చీకట్లోనే తెంపుకుపోయారు. మెడ మీద ఎర్రటి గాటు ఇంకా తగ్గలేదు, ఆమె సాయంత్రం గడప దాటడమే మానేశారు.

2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహిత 304వ సెక్షన్ ఇలా లాక్కుపోవడాన్ని ప్రత్యేక నేరంగా గుర్తించి మూడేళ్ల వరకు జైలుశిక్ష, జరిమానా నిర్దేశించినా, ఫిర్యాదుకు వెళ్తే మాకు ముందు వినిపించిన మాట ‘ఇది మా పరిధి కాదు’ అనే. పరిధితో నిమిత్తం లేకుండా జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలని చట్టమే చెబుతుండగా, వణుకుతున్న మనిషిని మరో స్టేషన్‌కు తిప్పడం అన్యాయం.

ఆ దీపాన్ని వెంటనే బాగుచేసి, సాయంత్రాలు ఆ మలుపులో గస్తీ పెట్టాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక నివాసి, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం