సూదికి ముందు నాలుగు తెలుగు మాటలు

సంపాదకులు గారికి,

మా అమ్మకి ఈమధ్య గర్భసంచి ఆపరేషన్ అయింది. అరవై దాటిన మనిషి. ఒడిశాలోని పర్లాకిమిడిలోనే పుట్టి పెరిగినా, ఆవిడకి వచ్చిన ఒడియా కూరగాయల బేరానికి సరిపోయేంతే. ఆపరేషన్ బల్ల మీద అది చాలదు.

నడుముకి మత్తు ఇంజక్షన్ అనగానే బీపీ పెరిగిపోయింది. ఆ సూది పడితే జన్మంతా నడుంనొప్పేనని వీధిలో ఎవరో చెప్పారట. పైగా మెలకువగా ఉంచి కోస్తారంటే ఎవరికి టెన్షన్ ఉండదు? సిస్టర్ ఒడియాలో రెండుసార్లు "డర నాహి" (భయం లేదు) అంది, మూడోసారి కసిరింది. ఆపరేషన్ మర్నాటికి వాయిదా పడింది. ఆ సన్నని సూదికీ జన్మంత నడుంనొప్పికీ సంబంధం లేదని మత్తు డాక్టరు చెప్పారు. నాకు, ఇంగ్లీషులో, వరండాలో!

ఆ సాయంత్రం వార్డు ఊడ్చే ఆమె అమ్మ పక్కన కూర్చుంది. ఆంధ్రాలోని పాతపట్నం వైపు తెలుగు మనిషి. "అమ్మా, రొయ్యలా ముడుచుకుని కూకో. సూది కొంచెం నొప్పెడతాది, అంతలోనే అయిపోద్ది. కాళ్లు బరువెక్కుతాయి. చెయ్యి తగిల్నట్టు తెలుస్తాది గానీ కోత తెలీదు" అంది. విని విని వచ్చిన మాటలే. అసలు నొప్పే ఉండదని మాత్రం ఆమె అనలేదు, అందుకే అమ్మ నమ్మింది. మర్నాడు బీపీ దారికొచ్చింది, ఆపరేషన్ జరిగిపోయింది.

జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో, వైద్యం సంగతి రోగికి తెలిసిన భాషలో చెప్పాలని ఉంది. మేం సంతకం పెట్టిన కాగితం ఇంగ్లీషులో ఉంది. గజపతి, రాయగడ, గంజాం జిల్లాల్లో తెలుగువాళ్లు కొత్తగా వచ్చినవాళ్లు కారు. కొండల మీంచి దిగే సవర గిరిజనుల పాట్లయితే మాకన్నా ఎక్కువ.

పెద్ద ఖర్చేమీ అడగడం లేదు. సూది, సెలైన్, మత్తు, కుట్లు, వీటిలో ఎప్పుడు ఏమనిపిస్తుందో తెలుగులో, సవరలో చెప్పగల మనిషి వార్డుకొకరు. ఒక పేజీ కాగితం. చంటిపిల్లలకి టీకా వేసేటప్పుడు తల్లి ఒళ్లోనే ఉంచి పాలివ్వనిస్తే నొప్పి తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. తల్లిని బయటికి పంపి పిల్లని అదిమిపట్టడం మానొచ్చు. నాలాగా సూది చూస్తే కళ్లు తిరిగేవాళ్లని ముందే అడిగి పడుకోబెట్టొచ్చు.

ఊడ్చే ఆమెకి అమ్మ చీర పెట్టింది. ఆ మాట సాయానికి ఆసుపత్రి జీతంలో ఇంకాస్త కలిపితే బాగుండేది.

– ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా