ప్రాణహిత రాబందులకు నొప్పి సూదే గండం

సంపాదకునికి నమస్కారం.

బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట రాతి అరల్లో పొడుగు ముక్కు రాబందులు గూళ్లు పెడతాయి. ప్రాణహిత దాటితే గడ్చిరోలి జిల్లా, అక్కడ తెల్లవీపు రాబందులున్నాయి. ఒక్క రోజులో వంద కిలోమీటర్లు తిరిగి మేత వెతుక్కునే పక్షికి బెజ్జూరు, కౌటాల, అహేరి, సిరోంచ అన్నీ ఒకే ఊరు. అందుకే ఈ మాట నదికి రెండు వైపులా ఉన్న పశువుల రైతులకు, మందుల షాపులవాళ్లకు చేరాలని కోరిక.

జ్వరానికి, కుంటుకు, పొదుగు వాపుకు పశువులకు వేసే నొప్పి సూదుల్లో డైక్లోఫెనాక్ ఒకటి. సూది పడిన రెండు మూడు రోజుల్లో పశువు చస్తే మందు మాంసంలోనే ఉండిపోతుంది. ఆ మాంసం తిన్న రాబందుకు మూత్రపిండాలు పనిచేయవు. యూరిక్ యాసిడ్ తెల్లటి సున్నంలా గుండె మీద, కాలేయం మీద పేరుకుంటుంది. మెడ వేలాడేసుకుని కొమ్మ మీద కూర్చున్న పక్షి రెండు మూడు రోజుల్లో కింద పడిపోతుంది. ఈ సంగతి 2004లో తేలింది. అప్పటికే దేశంలో తెల్లవీపు రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. నూరు కళేబరాల్లో ఒక్కదానిలో మందు ఉండాల్సిన అవసరం కూడా లేదు, అంతకన్నా తక్కువే చాలు. ఒకే కళేబరం మీద పదుల పక్షులు వాలతాయి మరి. పైగా జంట ఏడాదికి పెట్టేది ఒక్క గుడ్డు, పిల్ల ఈడుకు రావడానికి ఐదేళ్లు. పోయినవాటి లోటు పూడటం అంత తేలిక కాదు.

పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని 2006లోనే నిషేధించారు. అయినా మనుషులకు వాడే 30 మి.లీ. పెద్ద సీసాలు పశువులకు మళ్లాయి. దాంతో 2015లో మనుషుల ఇంజెక్షన్‌ను 3 మి.లీ. కే పరిమితం చేశారు. 2023 జూలైలో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్, 2024 డిసెంబరులో నిమెసులైడ్ కూడా పశువులకు వద్దన్నారు. ఎసిక్లోఫెనాక్ పశువు ఒంట్లోకి వెళ్లాక డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. పేరు మారితే మందు మారినట్టు కాదు. కాబట్టి సీసా మీద పెద్దక్షరాల కంపెనీ పేరు చూసి ఊరుకోవద్దు, కింద చిన్నక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చదివించుకోవాలి. ఫ్లూనిక్సిన్ కూడా రాబందులకు చేటే.

రాబందులకు హాని లేనివిగా పరీక్షల్లో తేలినవి రెండు: మెలోక్సికామ్, టోల్ఫెనమిక్ యాసిడ్. మెలోక్సికామ్ పనిచేయదని కొందరంటారు. చాలాసార్లు లోపం మోతాదులో ఉంటుంది. బరువు కిలోకు అర మిల్లీగ్రాము లెక్కన, మి.లీ. కి 5 మిల్లీగ్రాములున్న సీసా అయితే పది కిలోలకు 1 మి.లీ. పడాలి. అంటే 250 కిలోల ఎద్దుకు 25 మి.లీ. సీసాలో మందు ఖర్చవుతుందని 10 మి.లీ. తో సరిపెడితే నొప్పి తగ్గదు, తగ్గలేదని మళ్లీ పాత మందు కోసం చూస్తారు. మి.లీ. కి 20 మిల్లీగ్రాములున్న గాఢ సీసాలూ దొరుకుతాయి, వాటితో అదే ఎద్దుకు 6.25 మి.లీ. చాలు. బరువు అంచనా, చూడి, మూత్రపిండాల జబ్బు వంటివి చూసి డాక్టరే మోతాదు ఖాయం చేయాలి. ఊళ్లో సూదులు వేసే గోపాలమిత్రలకు ఈ లెక్క కాగితం మీద రాసి ఇవ్వడం పశుసంవర్ధక శాఖకు పెద్ద ఖర్చు కాదు.

చనిపోయిన పశువుకు ఆ వారంలో ఏ సూది పడిందో యజమానికి గుర్తుంటుంది. రాబందులకు చేటు చేసే పై మందుల్లో ఏదైనా పడితే ఆరడుగుల గోతిలో సున్నం చల్లి పూడ్చాలి, అడవి అంచున పారేయొద్దు. ఏ మందూ పడకుండా, దొమ్మ వంటి రోగమేదీ లేకుండా పోయిన పశువునైతే అటవీ సిబ్బందికి చెప్పి వాళ్లు చూపిన చోట రాబందులకు వదలాలి. అన్నీ పూడ్చేస్తే వాటికి తిండే ఉండదు.

పులి, చిరుత చంపిన పశువు మీద పురుగుల మందు చల్లడం ఇంకో ప్రమాదం. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవుల్లో విషం కలిపిన కళేబరం వల్ల పులి చనిపోయింది. అలాంటి మాంసం మీద రాబందులూ వాలతాయి. నష్టపరిహారం నెలల తరబడి ఆగితే ఆ కోపం విషంగా మారుతుంది, అందుకే పరిహారం త్వరగా అందాలి.

ఇక అధికారులకు ఒక విన్నపం. ఆసిఫాబాద్, గడ్చిరోలి జిల్లాల ఔషధ తనిఖీ అధికారులు ఒకే వారంలో రెండు ఒడ్ల షాపులూ తనిఖీ చేయాలి. ఒక వైపు మాత్రమే చేస్తే సరుకు పడవ దాటుతుంది. పశువుల కోసం మనుషుల డైక్లోఫెనాక్ అమ్మినవాళ్ల లైసెన్సు మీద చర్య తీసుకోవాలి. గూళ్ల కాలమైన శీతాకాలం మొదలయ్యేలోపే తొలి తనిఖీ జరగాలి.

— ఒక పాఠకుడు, బెజ్జూరు మండలం, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా