ఉప్పెనలో పోయిన ఖాతా పుస్తకం

చిరంజీవి చిన్నాకు,

నాన్న ఆశీస్సులు. నీ ఫోను వచ్చి పద్దెనిమిది రోజులైంది. లెక్కపెట్టలేదు, కేలెండరు ఎదురుగా ఉంది కనుక తెలిసింది. గేదె ఈనింది, పెయ్యదూడ. మొన్న సుబ్బులు పిన్ని వచ్చింది. నీ ఊసు రాగానే కాఫీ గ్లాసు వంక చూస్తూ కూర్చుంది. నేనేమీ అడగలేదు.

సంక్రాంతికి నువ్వన్న మాట పట్టుకుంది నన్ను. నీతికి కారణం చూపలేమనీ, ఉన్నదాని నుంచి ఉండవలసినది రాదని స్కాట్లండు తత్వవేత్త హ్యూమ్ 1740లోనే తేల్చాడనీ అన్నావు. అటక మీద నువ్వు వదిలేసిన పుస్తకం తిరగేశాను. ఆయన కారణం చెప్పమని అడిగాడు, అంతే. అప్పు ఎగవేతకు అనుమతి ఇవ్వలేదు.

1785లో జర్మన్ తత్వవేత్త కాంట్ అచ్చంగా మన కొట్టు సంగతే రాశాడు. తీర్చే ఉద్దేశం లేకుండా అప్పు అడిగేవాడి గురించి. అందరూ అలాగే చేస్తే మాట ఇవ్వడానికి అర్థమే ఉండదన్నాడు. తాతయ్య కట్టిన ‘అరువు రేపు’ అట్టముక్క గుర్తుందా? ఒక్కడు ఎగ్గొడితే కొట్టు మూతపడదు అంటావు. నిజమే. కానీ మిగతావాళ్ళు తీరుస్తారనే కదా వాడికి అరువు పుట్టింది! ఆ కట్టుబాటు వాడికొక్కడికే ఎందుకు లేదో వాడే చెప్పాలి.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నాకు పదకొండేళ్ళు. బస్తాలు ఉబ్బి పిగిలిపోయాయి. ఖాతా పుస్తకం తుమ్మకంపలో దొరికింది, ఏ పేజీ చూసినా నీలం మరకలే. తాతయ్య ఆ సంగతి ఎవరి దగ్గరా దాచలేదు. మాఘమాసంలో గొడుగులు బాగుచేసే తాత వచ్చాడు. అప్పటికి ఆయన ఇంటికి గోడ కూడా మిగల్లేదు. పంచె కొంగు ముడి విప్పి నలభై ఏడు రూపాయలు బల్ల మీద పెట్టాడు. తాతయ్య నలభయ్యే అన్నాడు (కావాలనే తగ్గించాడని నా అనుమానం). ఇద్దరూ వీధంతా వినపడేలా కేకలేసుకున్నారు. ‘పుస్తకంలో లేదయ్యా’ అంటే, ‘తిన్నది నా పిల్లలయ్యా’ అన్నాడు. చివరికి తాతయ్య ఆ ఏడు రూపాయలకీ బెల్లం కట్టి పంపాడు. కారణం కాక మరేమిట్రా అది?

ఉపన్యాసం వద్దనుకుంటూనే మొదలుపెట్టాను, మీ అమ్మ నవ్వుతోంది.

పిన్ని నీకిచ్చిన ఎనిమిది వేలూ నోరు తెరిచి అడగదు. చేతిలో లేకపోతే నేను సర్దుతాను, ముందు ఆమెకు ఫోను చెయ్యి. నాకు తర్వాత చేసినా ఫరవాలేదు. బుధవారం బస్సులో సున్నుండలు పంపుతున్నాను. డబ్బా మూత వదులుగా ఉంది, పక్కకు వంచకు.

నాన్న