గుంతలు పూడ్చాక నాదియా ఫోటో పంపండి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను దేవరకొండలో బట్టలు కుడతాను. మా ఆయన బోరు బండి మీద పనికి పోతాడు, ఎండాకాలం వస్తే నెలల తరబడి ఇంటి మొహం చూడడు. మా పెద్దబిడ్డ ఇంటర్ ఫస్టియర్, బైపీసీ. సాయంత్రం అయిదు దాటితే ఫుట్‌బాల్. జట్టులో అందరికంటే ముందుండి గోల్ కొట్టే పని దానిది, స్ట్రయికర్ అంటారు. డాక్టర్ చదవాలని కూడా దానికే ఉంది. ఈ రెండింటితోనే మా ఇంట్లో లొల్లి.

పోయిన నెల మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో తిరిగింది. డెన్మార్క్ తరఫున ఫుట్‌బాల్ ఆడిన నాదియా నదీమ్ అనే ఆమెది. ‘ముందు డాక్టర్ చదివింది, తర్వాత ఆట ఆడింది, మీ పిల్లలకు చూపించండి’ అని కింద ఎవరో రాశారు. మా ఆడబిడ్డ దాన్ని గ్రూపులో చూసింది చాలదన్నట్టు నాకు విడిగా మళ్లీ పంపింది. “గా బంతాట అన్నం పెడ్తదా వదినా” అని ఆమె ఏడాది నుంచి అంటూనే ఉంది. సాయంత్రం బిడ్డకు చూపిస్తే నవ్వింది. “అమ్మా, ఇది ఉల్టా రాసిన్రు” అంది. ఆ రాత్రి నేను జాకెట్లకు హుక్కులు కుడుతుంటే పక్కన కూర్చుని మొత్తం చెప్పింది. మీరు వేస్తారనే నమ్మకంతో రాస్తున్నాను.

ఆమె 1988లో అఫ్గానిస్తాన్‌లోని హెరాత్‌లో పుట్టింది. తండ్రి సైన్యంలో జనరల్. 2000లో తాలిబన్లు ఆయన్ని చంపేశారు. తల్లి అయిదుగురు ఆడపిల్లలను వెంటబెట్టుకుని దొంగ పాస్‌పోర్టులతో పాకిస్తాన్ మీదుగా ఇటలీ చేరింది. అక్కడ లండన్ పోతామనుకుని లారీ ఎక్కారు. దిగి చూస్తే డెన్మార్క్! అయిదుగురు ఆడపిల్లల తల్లి అనగానే నేను హుక్కులు ఆపేసి “అయ్యో” అన్నాను. మా వీధిలో ఇద్దరు ఆడపిల్లలుంటేనే అంటారు కదా.

శరణార్థుల శిబిరం పక్కనే ఆటస్థలం ఉందట. అక్కడ ఆడేవాళ్లను చూసి ఈమె కూడా బంతి పట్టింది. ఆల్బోర్గ్‌లో బీ52 అనే క్లబ్, తర్వాత వీబోర్గ్, అట్లా పైకొచ్చి 2009లో జాతీయ జట్టుకు ఆడింది. అదీ ఉత్తగా రాలేదు. ఈమెలాగా వేరే దేశం నుంచి వచ్చినవాళ్లు పద్దెనిమిది నిండాక అయిదేళ్లు కొత్త దేశంలో ఉంటేనే దాని తరఫున ఆడాలని ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫాకు అప్పట్లో నిబంధన ఉండేది. ఈమెకు అప్పటికి ఇరవై ఒకటే. డెన్మార్క్ ఫుట్‌బాల్ సంఘం పట్టుబట్టి మినహాయింపు తెచ్చింది. దిక్కులేక వచ్చిన పిల్ల కోసం సంఘం వాళ్లే తిరిగారు. ఇక్కడ ఒక సర్టిఫికెట్ కోసం నేను తిరిగిన తిరుగుడు గుర్తొచ్చింది, అది ఇంకో ఉత్తరం.

2017లో నెదర్లాండ్స్‌లో యూరప్ దేశాల ఆడవాళ్ల జట్లు ఆడే యూరో కప్. క్వార్టర్ ఫైనల్ జర్మనీతో. అంతకుముందు వరసగా ఆరుసార్లు ఆ కప్పు జర్మనీదే. వాన పడి గ్రౌండ్‌లో నీళ్లు నిలిస్తే ఆటను మర్నాటికి వాయిదా వేశారు. మొదట్లోనే జర్మనీ గోల్ కొట్టింది. సగం ఆట అయ్యాక నాదియా తలతో కొట్టి లెక్క సమం చేసింది, చివరికి డెన్మార్క్ 2-1తో గెలిచింది. ఆ గోల్ వీడియో మా బిడ్డ నాకు నాలుగుసార్లు చూపించింది. ఫైనల్లో ఆరో నిమిషంలోనే పెనాల్టీ వస్తే కొట్టింది కూడా ఈమే. ఆ మ్యాచ్ 4-2తో ఓడిపోయారనుకోండి. అదే ఏడు అమెరికాలో ఆమె ఆడే పోర్ట్‌లాండ్ క్లబ్ లీగ్ గెలిచింది. తర్వాత మాంచెస్టర్ సిటీ, ఆ తర్వాత పారిస్ సెయింట్ జర్మైన్. లియోన్ క్లబ్ పద్నాలుగేళ్లు ఎవరికీ ఇవ్వని ఫ్రాన్స్ లీగ్‌ను 2021లో పారిస్ గుంజుకుంది, అప్పుడు ఈమె ఆ జట్టులోనే ఉంది.

ఇప్పుడు డాక్టర్ సంగతి. ఆర్హుస్ యూనివర్సిటీలో వైద్యం చదివింది, నిజమే. ఆ చదువు పూర్తయింది 2022లో. అప్పటికి ముప్పై నాలుగేళ్లు. అంతకుముందు ఏడాదే మోకాలి లిగమెంట్ తెగింది. డాక్టరయ్యాక మళ్లీ బూట్లు వేసుకుని ఆ ఏడాదే యూరో కప్ ఆడింది. జాతీయ జట్టులోకి వచ్చింది 2009లో, డాక్టరయ్యింది 2022లో. పదమూడేళ్ల తేడా. నేను ఏడో తరగతి చదివినదాన్ని, ఈ లెక్క నాకే వచ్చింది. ఫోటో కింద రాసినాయనకు రాలేదు.

ఆట ఆడితే డాక్టర్ అవుతారని నేను అనడం లేదు. మా బిడ్డకు నీట్‌లో సీటు రాకపోవచ్చు, ఆ టెన్షన్ నాకూ ఉంది. కానీ పదిహేడో ఏట ఒకటి పట్టుకో, ఒకటి వదిలిపెట్టు అని డెన్మార్క్‌లో ఆమెను ఎవరన్నా నిలబెట్టి అడిగి ఉంటే ఆ ఫోటో మన ఫోన్లలోకి వచ్చేది కాదు. దూరమెందుకు, మన నిజామాబాద్ జిల్లా గుగులోతు సౌమ్య ఇండియాకు ఆడుతోంది, క్రొయేషియా పోయి డైనమో జాగ్రెబ్ జట్టులో ఉండొచ్చింది. ఆమె ఫోటో మా గ్రూపులో ఒక్కరూ పంపలేదు.

అసలు చెప్పాలనుకున్నది గ్రౌండ్ గురించి. మా పిల్లలు ఆడే జాగాలో యాసంగి కోతలకు వడ్లు పోస్తారు. దానికి నేనేమీ అనను, మా తమ్ముడి వడ్లూ అక్కడే ఎండినయి. రైతు పోయేటప్పుడు తన గింజను తానే ఊడ్చుకుని పోతాడు. మీటింగులు, ఎగ్జిబిషన్లు పెట్టేవాళ్లు అట్లా కాదు. టెంట్లు పీకేస్తారు, గుంజలు పాతిన గుంతలు అట్లనే ఉంటాయి. మేకులు, సీసా పెంకులు, విరిగిన గాజులు. ఫిబ్రవరిలో ఒక గుంతలో మా బిడ్డ కాలు పడి మడమ బెణికింది, పదిహేను రోజులు కుంటింది. పోయినవారం బంతికి మేకు దిగింది. ఉన్నది ఒక్కటే బంతి.

దాన్ని నేనే కుట్టాను. బట్టల మిషన్ దాని తోలు మీద పనిచేయదు. చెప్పులు కుట్టే ఆయన దగ్గర ఆరె అడిగి తెచ్చి, లావు దారానికి మైనం పూసి, పాత కుట్టు రంధ్రాల్లోంచే మళ్లీ లాగాను. లోపలి బ్లాడర్‌కు సైకిల్ పంక్చర్ అతుకు వేయించాను. గంటన్నర పట్టింది, బొటనవేలు చీరుకుంది. గాలి కొడితే ఒక పక్క కొంచెం ఉబ్బుగా ఉంది కానీ ఆడుతున్నారు. షాట్ కొడితే వంకర పోతోందని మా బిడ్డ కంప్లయింట్.

టెంటు వేసేవాళ్ల దగ్గర ముందే డిపాజిట్ కట్టించుకోవాలి, గుంతలు పూడ్చి మేకులు ఏరాకే తిరిగివ్వాలి. పర్మిషన్ ఇచ్చేవాళ్లకు ఇదేం పెద్ద పని కాదు. అయిదు నుంచి ఏడు వరకు గ్రౌండ్ పిల్లలకు వదలాలి. ఒక లైటు వేస్తే ఇంకా మంచిది, చీకటి పడుతుందనే మా అత్తమ్మ గొణుగుడు.

మొన్న ఆదివారం పద్నాలుగు మంది ఆడపిల్లలు తట్టలు, పార తీసుకుపోయి మొరం పోశారు. నేనూ పోయాను. పెనాల్టీ కొట్టే చోటున్న గుంత పెద్దది, సగమే నిండింది. వచ్చే ఆదివారం మళ్లీ పోతున్నాం.

ఇట్లు,
ఒక టైలరమ్మ,
దేవరకొండ, నల్లగొండ జిల్లా