మంత్రి గారూ, ఆ జమ్ము ఎవరు కోస్తారు?

గౌరవనీయులైన మంత్రి గారికి,

ఆనేకల్ తాలూకాలో ఫ్యాక్టరీల దిగువనున్న చెరువు ఆయకట్టు రైతుల నమస్కారాలు. కన్నడంలో అర్జీలిచ్చాం, ఇంగ్లీషులో టైపు చేయించి ఇచ్చాం. ఇక మా ఇళ్లలో మాట్లాడుకునే తెలుగే మిగిలింది.

మురుగునీటిని మొక్కల మడుగులో శుద్ధి చేసే వెట్‌ల్యాండ్ పథకం గురించి మీకు నేను చెప్పేదేముంది, ప్రారంభించిందే మీరు. మీ ఫోటో ఉన్న బోర్డు చెక్కుచెదరలేదు. చెడిందల్లా దాని వెనకున్న మడుగే.

కంకర పరిచారు, జమ్ము, మెట్టతామర నాటారు, వెళ్లిపోయారు. ఆ జమ్ము ఎవరు కోస్తారు సార్? వేళ్ల దగ్గరి సూక్ష్మజీవులు మురుగును తింటాయి, నిజమే. ఫ్యాక్టరీ నీళ్లలోని క్రోమియం, నికెల్ లాంటి లోహాలు మాత్రం వాటికి అరగవు. అవి బురదలో, వేళ్లలో పేరుకుంటాయి. గడ్డి కోసి, బురద ఎత్తి, పశువుల నోటికందని చోటికి చేర్చాలి. మొదటి ఏడాది తర్వాత అక్కడ కొడవలి పట్టినవాడే లేడు. పంచాయతీలో అడిగితే కాంట్రాక్టరు పని అంటారు. కాంట్రాక్టరు నిర్వహణ టెండరు వేరే అంటాడు. ఆఫీసులో ఫైలు పైన ఉందంటారు. పైన అంటే మీ దగ్గరే కదా? ఈలోగా జమ్ము అక్కడే కుళ్లింది, కంకర పూడింది, నీళ్లు లోపలికి దిగకుండా పైపైనే జారి నేరుగా తూముకొస్తున్నాయి. దోమలు అదనం.

పైగా ఆ మడుగు చివరి మెట్టు కావాలి. ఫ్యాక్టరీ తన నీళ్లను ముందు తాను శుద్ధి చేయాలి. బెంగళూరు జక్కూరు చెరువులో అయినా ముందు మురుగుశుద్ధి ప్లాంటు, తర్వాతే జమ్ము మడుగు. అదీ ఇళ్ల మురుగుకు. 2018 నుంచి కోలారు చెరువులకు వెళ్తున్న, రెండు దశల్లో శుద్ధి చేసిన బెంగళూరు మురుగునీటికే మూడో దశ శుద్ధి కావాలని అక్కడివాళ్లు మొత్తుకుంటున్నారు. మాకేమో రాత్రిపూట ట్యాంకర్లు ఫ్యాక్టరీ నీళ్లను రాజకాలువలోకి, అంటే చెరువుకొచ్చే పెద్ద వాననీటి కాలువలోకి, నేరుగా వదులుతున్నాయి. పొద్దున నీళ్లు ఒకరోజు పచ్చగా, ఒకరోజు ఎర్రగా. కొత్తిమీర కొనేవాళ్లు ముందు ఏ నీళ్లతో పండించారని అడుగుతున్నారు. బోరు నీళ్లని అబద్ధమాడాలా, కట్ట తీసుకుని ఇంటికి రావాలా?

సాగునీటిలో క్రోమియం లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటొద్దని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సూచన. మా తూములో ఎంతుంది? నమూనాలు సీసాల్లో పట్టుకెళ్లారు, ఫలితం రాలేదు. సీసాలైనా తిరిగి ఇవ్వలేదు.

మడుగు బాగు చేయించండి. జమ్ము కోయించండి. కోసేవాళ్లకు ఏటా జీతం పెట్టండి, కావాలంటే మా ఊరి ఆడవాళ్లే చేస్తారు, చేతులకు గ్లవుజులిస్తే చాలు. నీటి పరీక్ష ఫలితాన్ని మీ ఫోటో పక్కనే ఆ బోర్డు మీద రాయించండి, చోటు చాలానే ఉంది. ట్యాంకర్లను ఆపండి, దయచేసి ఆపండి.

ఒకసారి వచ్చి చూడండి సార్. వచ్చే ముందు ఎవరికీ చెప్పకండి. చెప్తే ఆ రాత్రి ట్యాంకర్లు రావు.

ఇట్లు,
ఆయకట్టు రైతుల తరఫున ఒక రైతు