ఎక్వియానో నాటకానికి 16 అంగుళాల లెక్క

సంపాదకులకు,

బానిసత్వం మీద నాటకమనగానే మన నాటక సమాజాలు ముందు నల్లరంగు డబ్బా, కొరడా తెచ్చుకుంటాయి. బానిసగా అమ్ముడుపోయి, తర్వాత స్వేచ్ఛ పొంది బానిసత్వానికి ఎదురు నిలిచిన 18వ శతాబ్దపు ఆఫ్రికన్ ఒలౌదా ఎక్వియానో కథ వేయదలచినవారు ఆ రెండూ ఇంట్లోనే వదిలి రావడం మేలు. 3 పెన్నీలకు గాజు గ్లాసు కొని 6 పెన్నీలకు అమ్మి, అలా కూడబెట్టి, 1766లో 40 పౌండ్లు యజమాని చేతిలో పోసి తనను తాను కొనుక్కున్న మనిషి అతను. ఆ గ్లాసు బేరం నిదానంగా ఆడించండి, చాలు.

ఇక ఓడ దృశ్యం. బానిసలను మోసిన బ్రిటిష్ ఓడ బ్రూక్స్ 1788 నాటి పటంలో ఒక్కో మగవాడికి 6 అడుగుల పొడవు, 16 అంగుళాల వెడల్పు. అంటే పదిమందికి 13 అడుగుల 4 అంగుళాలు. రిహార్సల్లో సుద్దతో గీసి పడుకోబెట్టండి. వెల్లకిలా పడుకుంటే చాలామంది భుజాలు గీత దాటతాయి, ఒత్తిగిలాల్సిందే. నేల మీదే పడుకోబెడితే ముందు వరుసలకు ఏమీ కనబడదు. బల్ల వేసి దాని వెనక అంచు ఒక అడుగు లేపాలి. వట్టి ప్లైవుడ్ అయితే జారతారు, పైగా కిర్రుమంటుంది. పైన గోనెపట్టా బిగించండి. గొలుసులన్నీ ఇనుపవైతే మైకులో మాట వినబడదు. ఒక్కటి ఇనుపది పెట్టి, మిగతావాటికి తాడు వాడండి.

జోంగ్ అనే మరో బానిస ఓడ నుంచి 130 మందికి పైగా బానిసలను సముద్రంలోకి తోసేసిన ఘోరాన్ని నీలిలైటులో గెంతులుగా చూపితే హాల్లో నవ్వులాటవుతుంది. దాన్ని 1783 నాటి కోర్టు దృశ్యంగా రాసుకోవాలి. అది హత్య కేసు కాదు, తలకు 30 పౌండ్ల బీమా దావా! ఆ కబురు బానిసత్వంపై పోరాడుతున్న ఆంగ్లేయుడు గ్రాన్‌విల్ షార్ప్‌కు మోసుకెళ్లింది ఎక్వియానోయే.

బ్రిటన్ చట్టం చేసిన 1807 దగ్గర తెర దించేయడం మామూలు పొరపాటు. అప్పుడు నిషేధించింది బానిసల వ్యాపారాన్ని మాత్రమే, బానిసత్వాన్ని కాదు. 1833 చట్టం 2 కోట్ల పౌండ్ల పరిహారం యజమానులకిచ్చింది, బానిసలకు పైసా లేదు. ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని మన ప్రాంతాలను పక్కనపెట్టింది కూడా. ఆ ప్రాంతాలకు చట్టం వచ్చింది 1843లో.

సంగీతానికి హైదరాబాద్ ఏసీ గార్డ్స్ వాడలోని ఆఫ్రికా సంతతి సిద్దీల డప్పు వాద్యం మర్ఫా ఉంది కదా అంటారు. నిజాం ఆఫ్రికా అశ్వదళం (ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్) పేరే ఆ వాడ పేరు. కానీ సిద్దీల మూలాలు ఎక్కువగా తూర్పు ఆఫ్రికావి, ఎక్వియానో తనదని చెప్పుకున్నది పశ్చిమాన ఇగ్బో నేల. అతని బాల్యానికి మర్ఫా అతకదు. వాడితే 1843 దృశ్యంలో వాడండి, వాయించేవారి పారితోషికం ముందే మాట్లాడి.

— ఒక నాటక కార్యకర్త, హైదరాబాద్