ఐటీఐల్లో పైపు వెల్డింగ్ సాధన ఏదీ?

ఐటీఐల్లో ఏడాది వెల్డర్ కోర్సు చాలాచోట్ల బల్లమీద పరిచిన ప్లేటుపై 6013 రకం వెల్డింగ్ రాడ్డుతో బీడ్లు (వెల్డింగ్ గీతలు) లాగడంతోనే ముగుస్తోంది. రిఫైనరీ పనులకు పెట్టే పరీక్ష వేరు: 45 డిగ్రీల వాలులో బిగించిన పైపును తిప్పకుండా రూట్ (అడుగు పొర) టిగ్‌తో (ఆర్గాన్ వాయువు రక్షణలో చేసే వెల్డింగ్‌తో), పైపొరలు 7018 రకం రాడ్డుతో వేయాలి. రూట్ గ్యాప్ (అతికే రెండు పైపు అంచుల మధ్య సందు) రెండున్నర మిల్లీమీటర్ల కంటే బాగా తగ్గితే లోపలి అంచు కరగదు, ఎక్స్‌రేలో దొరికిపోతుంది. ఇక విప్పిన ప్యాకెట్‌లో పడి ఉన్న 7018 రాడ్లు చెమ్మ పీలుస్తాయి. ఆ చెమ్మలోని హైడ్రోజన్‌తో అతుకు పక్కన చల్లారాక పగుళ్లొస్తాయి. ఆ రాడ్లను 300-350 డిగ్రీల దగ్గర కనీసం గంట వేడిచేయాలని విద్యార్థి పరీక్షలో రాస్తాడు, ఓవెన్‌ను మాత్రం చూసి ఉండడు! వర్క్‌షాపుకో ఓవెన్ ఇచ్చి, పరిశ్రమల నుంచి తుక్కు పైపు ముక్కలు తెప్పించి, చివరి మూడు నెలలూ వాటిమీదే సాధన చేయించాలి. నెలకోసారి అతుకు కోసి బెండ్ టెస్టు (ముక్కను వంచి అతుకు పగులుతుందేమో చూసే పరీక్ష) పెట్టాలి.

- ఒక పాఠకుడు, విశాఖపట్నం